గీతల కాగితం

సోమవారం నలభై రెండు.
బుధవారం ముప్పై ఎనిమిది.
మా ఏలీషా ఎన్నిసార్లు చేతులాడించాడో
హిమబిందు మేడం గీతలు పెట్టి లెక్కేస్తుంది.
మంచి పిల్ల. గొంతు పెంచదు.
అయిదు నిమిషాలు ఒళ్ళో చేతులుంటే
ఒక పప్పుచెక్క ముక్క.
‘బుద్ధిగా’ అంటుంది.
వాడూ అంటాడు,
బుద్ధిగా, బుద్ధిగా, బుద్ధిగా...
దానికీ ఒక గీత పడుతుంది.

పూటకి ఆరు వందలు.
అంటే నాకు నాలుగు రోజుల అల్లిక.
నర్సాపురం స్టాండులో భీమవరం బస్సు వచ్చేదాకా
నా చేతిలో లేసు.
కొక్కెం, దారం, మెలి, లాగు.
కొక్కెం, దారం, మెలి, లాగు.
పదకొండో ఏట పట్టాను, ముప్పై నాలుగొచ్చాయి,
నాకెవరూ గీత పెట్టలేదు.
ఏజెంటు డజన్లు లెక్కపెట్టి
ఇంకా ఎక్కువ చెయ్యమంటాడు.

అబద్ధమాడకూడదు.
కిందటేడు వాడు మణికట్టు కొరుక్కునేవాడు.
గాటు మీద గాటు.
పసుపద్దితే పసుపుతో సహా.
ఎప్పుడెప్పుడో రాసుకురమ్మంది ఈ పిల్లే.
రాస్తే తెలిసింది,
అవన్నీ రైసుమిల్లు కూతపెట్టే వేళలు.
చెవుల్లో దూది పెట్టాం.
నెల తిరక్కుండా చర్మం మానింది.
ఆమె చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాను ఆ రోజు.
అందుకే ఇప్పుడు అడగడానికి నోరు రాదు.

కొరకడం వాణ్ణి నొప్పించింది,
సరే.
ఆడించడం ఎవర్ని నొప్పించింది?

లాకుల దగ్గర తలుపులు లేచి
కాలవ తెల్లగా విరుచుకు పడుతుంటే
వాడి చేతులు భుజాల దాకా లేచేవి.
కాలి బొటనవేళ్ళ మీద నిలబడి, నోరంతా తెరిచి,
నీళ్ళు ఆగేదాకా ఆపేవాడు కాదు.
‘కాలవకి జవాబు చెబుతున్నాడే వీడు’
అనేవాడు వాళ్ళ నాన్న.
బస్సులో వాళ్ళు చూసేవాళ్ళు.
నేను తల దించుకునేదాన్ని, అదీ నిజమే.

నిన్న ఆరు.
కాగితం మీద నక్షత్రం అంటించారు.
వస్తూ లాకుల దగ్గర దిగాం.
తలుపులు లేచాయి. నీళ్ళు పడ్డాయి.
వాడు చేతులు రెండూ చంకల్లో దోపుకుని
నీళ్ళవైపు కాదు,
నా సంచీ వైపు చూశాడు.

ఇచ్చాను.
కొరికి నమిలాడు.
తుంపర మా మొహాల మీద పడుతూనే ఉంది.

నలభై రెండులోంచి ఆరు పోతే ముప్పై ఆరు.
ఆ ముప్పై ఆరూ ఎక్కడికి పోయాయి మేడం?
సోమవారం అడుగుతాను.
అడుగుతానో లేదో.

రాత్రి వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళాడు.
కరెంటు లేదు.
లేసు తప్పి, రెండు చుట్లు విప్పి, పక్కన పడేశాను.
దోమతెరలో చప్పుడు,
పటపటా పటపటా,
గుడ్డకి ఏదో కొట్టుకుంటున్నట్టు.
నేను కదలగానే ఆగింది.
కళ్ళు మూసుకున్నాడు, దొంగనిద్ర.

ఏమీ అనలేదు నేను.
దుప్పటి అంచు పట్టుకుని
కాస్త పైకెత్తి ఉంచాను,
చేతులకి చోటు చాలేటట్టు.