ఎండ ఉతికిన పూట

నేను రాత్రి పని మనిషిని.
లైప్జిగ్ విమానాశ్రయం పక్కన షెడ్డులో
తెల్లవార్లూ పార్సెళ్ళు ఎత్తి, దింపి, ఎత్తి
ఏడున్నరకు నాలుగో అంతస్తు చేరి
కర్టెన్లు లాగి పడుకుంటాను.
పన్నెండు కొట్టడం ఆలస్యం
నా నెత్తిమీద గుడ్రున్ గారి వాషింగ్ మెషీన్
పూనకం వచ్చినట్టు ఊగుతుంది.

మొదటి వారం చీపురు కర్రతో పైకప్పు పొడిచాను.
రెండో వారం మెట్లెక్కాను,
తిట్టాల్సినవన్నీ దారిలో పేర్చుకుంటూ.

తలుపు తీసింది. నా మొహం కూడా చూడలేదు,
బాల్కనీ వైపు చెయ్యి చూపించింది.
రెయిలింగుకి బిగించిన రెండు నల్ల పలకలు,
గోడ ప్లగ్గులోకి దూరిన ఒక తీగ,
అగ్గిపెట్టెంత డబ్బా మీద ఒక అంకె:
ఆరువందల పన్నెండు.
"ఇప్పుడైతే బట్టల్ని ఎండ ఉతుకుతుంది,
చీకటి పడ్డాక అయితే
నన్ను బిల్లు ఉతుకుతుంది" అంది.

ఉట్టికెగరలేనమ్మ సూర్యుణ్ణి పట్టిందట,
అనుకుంటూ దిగొచ్చాను.

మర్నాడు తలుపు కింద చీటీ.
"మీ నిద్ర ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా?"
పదకొండేళ్ళ అద్దెలో
ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి.

మూడో అంతస్తు థూయ్ గారు
ఒకప్పుడు హనోయ్ నుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి కుట్టుపనికొచ్చినావిడ,
చిరిగిన సైకిలు ట్యూబులు కోసి
నాలుగు పొరలు కలిపి కుట్టి
మెషీను కాళ్ళకు నాలుగు బూట్లు తొడిగింది.
గిర్రున తిప్పి పిండడం మాత్రం రెండు దాటాక, నేను లేచాక.
పడమటి బాల్కనీ కదా,
ఎండ అప్పటిదాకా ఆగుతుంది.
ఆ ఒప్పందంలో నా చొక్కాలు కూడా
ఎప్పుడు కలిశాయో గుర్తులేదు.

ఇంకోటి నేర్పింది.
పప్పు గిన్నె ఒక్క పొంగు రాగానే దింపి
పాత రజాయిలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి
మూత మీద దిండు పెట్టడం.
నేను డ్యూటీకి దిగేవేళకు
ఎవరూ కలపకుండానే మెత్తగా ఉడికి ఉంటుంది.
మొదటిసారి మాడిపోతుందేమోనని
మూడుసార్లు మూత తీశాను,
పలుకు పలుకుగా మిగిలింది.
"దాని మానాన దాన్ని వదిలెయ్" అంది,
పిల్లాడికి చెప్పినట్టు.

అంతా సాఫీగా ఏమీ లేదు.
నవంబరులో ఆ అంకె పదకొండుకు పడింది.
పదకొండుతో ఏ మెషీను తిరుగుతుంది?
నవ్వాను.
ఆవిడా నవ్వింది, కాని ఒక్క క్షణం తర్వాత.
ఆ నెలంతా ఇంట్లో తీగలు కట్టి
ఒకే స్వెట్టరు వారం రోజులు వేసుకుంది.
రెండో అంతస్తు రైన్‌హార్ట్ మాత్రం
ఈ పలకల వల్ల గోడ అందం పోయిందని
ఇంటి యజమాన్యానికి నాలుగు ఉత్తరాలు రాశాడు.
ఐదోది రాస్తున్నాడని విన్నాను.
అతని డ్రిల్లింగ్ మెషీను కూడా
సెల్లారులో అందరి అలమారలోనే ఉంది.

మార్చిలో ఎండ తిరిగొచ్చింది.
ఆ రోజే తెలిసింది నాకు,
గుడ్రున్ ముప్పై ఒక్క ఏళ్ళు
ఊరికి దక్షిణాన లిగ్నైట్ గనిలో
క్రేను నడిపిందని.
ఆ గొయ్యి ఇప్పుడు చెరువు.
"నేను టీ తాగిన గది మీద
కుర్రాళ్ళు ఈదుతున్నారు" అంది,
గర్వమో దిగులో తేల్చుకోకుండా.
అప్పట్లో పొద్దున ఆరేసిన తెల్ల దుప్పటి
సాయంత్రానికి బూడిద రంగు తిరిగేదట.
అందుకే తీసే ముందు
తీగ మీద వేలు రాసి చూసుకునేవాళ్ళట ఆడవాళ్ళంతా.

ఇవాళ కూడా రాసింది.
నేను కింది బాల్కనీలో మొహం కడుక్కుని నిలబడ్డాను.
ఆవిడ తన వేలినే చూసుకుంటోంది,
చాలాసేపు.
"ఏముంది?" అన్నాను.
"ఏమీ లేదు" అంది.
వంగి, చెయ్యి కిందికి చాచి
ఆ ఏమీ లేకపోవడాన్ని నాకు చూపించింది.
వేలి చివర కొద్దిగా తడి, అంతే.

దుప్పటి నుంచి ఒక చుక్క నా కాఫీలో పడింది.
తాగేశాను.