సగం క్షవరం

కుతైసి ఊళ్ళో, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు
ఎల్గూజా షాపు తలుపుకి గొళ్ళెం పెట్టేవాడు.
లోపల తోర్నికె, ఏడేళ్ళవాడు,
బల్ల కింద.
వాళ్ళమ్మ మాక్వాలా గుమ్మం బయట, రియోనీ నది వైపు తిరిగి
గోళ్ళు కొరుక్కుంటూ.

వాడు మొదటిసారి వచ్చినప్పుడు
గడ్డం గీయించుకుంటున్న పెద్దాయన
"రెండు తగిలిస్తే వాడే కూర్చుంటాడు" అన్నాడు.
నేనూ అదే అనుకున్నాను. అప్పుడు నాకు పదహారేళ్ళు,
పని నేర్చుకునే కుర్రాణ్ణి. టిప్పులు పోతున్నాయని ఏడుపు.

ఎల్గూజా ఏమీ అనలేదు.
మర్నాటి నుంచి ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాడు:
రేడియో. ఫ్యాను. మూలనున్న ఫ్రిజ్.
కొలోన్ సీసాలన్నీ నాచేత పెరట్లో పెట్టించాడు.
అద్దం మీద దుప్పటి కప్పితే
రొట్టెల కొట్టావిడ తొంగిచూసి
"ఎవరు పోయారు?" అంది శిలువ గీసుకుంటూ.
"పోలేదు. ఒకడు రావాలి" అన్నాడు.

ఆఖరికి ట్యూబులైటు.
అది ఆరాక గానీ తెలియలేదు నాకు
అన్నాళ్ళూ అది మోగుతోందని.

మొదటి వారం కత్తెర వాడి చేతికిచ్చాడు, అంతే.
వాడు దాని చల్లదనాన్ని చెంపకి ఆనించుకుని కూర్చున్నాడు.
రెండో వారం, అరవై రెండేళ్ళ మోకాళ్ళు పటపటమంటుంటే
తనూ బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు.
ఉత్త గాలిని కత్తిరించాడు.
వాడు చెవులు మూసుకున్నాడు.
తీశాడు.

ఒప్పందం ఇదీ: పది కత్తిరింపులు. లెక్క వాడిది.
అరచేయి ఎత్తితే ఆగాలి, నాలుగుకైనా సరే.
మెడ మీద ఒక్కటీ రాలకూడదు,
అది వాడికి వెంట్రుక కాదు, నిప్పురవ్వ.
తాత ఉన్ని కోటు ఒళ్ళో బరువుగా ఉండాలి.

నాలుగో వారానికి ఎడమవైపు అయింది.
కుడివైపు దగ్గర అరచేయి లేచింది.
"ఇంకొంచెమేగా..." అని నేను నోరు తెరిచేలోగా
"సగం చాలు" అన్నాడు ఎల్గూజా.
ఒక పక్క కోసి ఒక పక్క వదిలేసిన చేనులా
అలాగే ఇంటికి పంపాడు.
తెల్ల వంతెన మీద జనం తిరిగి తిరిగి చూశారట.
వాడు పలకల మధ్య సందులు లెక్కపెడుతుంటే
మాక్వాలా తల దించకుండా నడిచిందట.

ఇప్పుడు షాపు నాది. ఎల్గూజా మోకాళ్ళు వంగవు.
ట్యూబులైటు రెండుసార్లు మార్చాను. కొత్తదీ మోగుతుంది.
ఎలక్ట్రీషియన్ నన్ను ఎగాదిగా చూసి
"నాకేం వినబడట్లేదే" అంటాడు.

పందొమ్మిదేళ్ళ తోర్నికె, అదే బుధవారం, అదే ఒంటిగంట.
ఈమధ్య కుర్చీలోనే కూర్చుంటున్నాడు.
కొన్నిసార్లు కాదు.
నేను అడగను. ముందే నేలమీద దుప్పటి పరిచి ఉంచుతాను.