బూడిదరంగు డబ్బా

ముప్పై ఏళ్ళుగా ఈ కొండల్లోకి
ఎరుపూ తెలుపూ మోసినదాన్ని.
ఈ జూలైలో మొదటిసారి
బూడిదరంగు మోస్తున్నాను.

పార్కు ఆఫీసులో ఒతీలియా సంతకం పెట్టించుకుంది:
'నిస్తోర్ దారి. మూసివేత.
గుర్తులు నలభై ఒకటి. అన్నీ చెరపవలెను.'
నిస్తోర్ మా నాన్న అని ఆవిడకి తెలుసు.
అందుకే కాగితం మీంచి చూపెత్తకుండా
కాఫీ తాగుతావా సఫ్తా, అంది.

రెతెజాత్ అంటే మా భాషలో తెగ్గొట్టినది.
ఎవరికో కోపమొచ్చి
శిఖరం తల ఎగరగొట్టారని అమ్మమ్మ చెప్పేది.
మిగిలిన మోడు చుట్టూ మడుగులు.
మంచు కరిగే కొద్దీ ఒక్కొక్కటీ కన్ను తెరుస్తుంది,
ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా,
ఒకటి ఆగస్టు దాకా రెప్ప సగమే ఎత్తి.

రెండేళ్ళ కిందట పై గోడ జారింది.
కనుమ కింద నడవాల్సిన చోట
ఇప్పుడు ఒకదానితో ఒకటి ఇంకా సర్దుకోని రాళ్ళు.
పోయిన సెప్టెంబరులో ఒక కుర్రాడు
పొగమంచులో, గుర్తు తర్వాత గుర్తు పట్టుకుని,
సరిగ్గా, ఏ తప్పూ చేయకుండా
గాలిలోకి నడిచాడు.
తుంటి విరిగింది. బతికాడు.
'గుర్తు ఉంది కదా' అన్నాడట ఆసుపత్రిలో.

డబ్బా నాలుగు కిలోలు.
ఆ మాటని తూచలేదు.

మొదటి గుర్తు, మరుగుజ్జు పైన్ పొదల అంచున.
ఇనుప తీగల బ్రష్షుతో గీకాను. నా ఎరుపు.
దాని కింద పదేళ్ళ కిందటి నా ఎరుపు.
దాని కింద, రాతి గుంటల్లో ఇరుక్కుని
నాన్న ఎరుపు:
బొగ్గుగనిలో బండ్లకు వేసే రంగు,
డిపో నుంచి ఎవరికీ చెప్పకుండా తెచ్చేవాడు,
తుప్పుకి తమ్ముడిలా ఉంటుంది.

తొమ్మిదో దాని దగ్గర్నించి
గుర్తులన్నీ ఎందుకో కిందికి ఉంటాయి,
మోకాలికి జానెడు పైన.
ఏటా వంగి వేశాను, నడుము తిట్టుకుంటూ.
నాన్నది బద్ధకం అనుకున్నాను.
గీకడానికని ఇవాళ చతికిలబడితే
గుర్తూ నా కళ్ళూ ఒకే ఎత్తు.

ఆరేళ్ళప్పుడు తీసుకొచ్చాడు నన్నిక్కడికి.
'నువ్వు ముందు నడు. ఎరుపు కనబడితే కేకెయ్యి.'
గొంతు పోయేదాకా కేకలేశాను.
దారి నేనే కనిపెట్టానని
ఈ మధ్యదాకా కాస్త గర్వం కూడా.

ఈ ఒక్కటీ వదిలేద్దామా అనిపించింది.
వదిలేస్తే
పొగమంచులో ఇంకెవరికో కనబడుతుంది.
బ్రష్షు ముంచాను.

ముప్పైమూడు దొరికాయి.
మిగతా ఎనిమిదీ కొండ తనే చెరుపుకుంది.

మధ్యాహ్నం దిగి వెనక్కి తిరిగి చూస్తే నవ్వొచ్చింది.
ముప్పైమూడు బూడిద చతురస్రాలు
ఎండకి తళతళలాడుతూ
ఎరుపుకన్నా స్పష్టంగా కొండెక్కుతున్నాయి.
గొర్రెలు కాసే అఖీం కర్రమీద గడ్డం ఆనించి
'బాగుంది సఫ్తా. కొత్త దారా?' అన్నాడు.

రాయికి రాయిరంగు పూస్తే రాయి ఒప్పుకోదమ్మా అని
గుడిసెలోంచి బకెట్టు తెచ్చాడు,
జున్ను తీశాక మిగిలిన పులిసిన తేట.
'ఇది పొయ్యి. పాచి పడుతుంది.
మెల్లిగా రాతిపువ్వు లేస్తుంది.'
ఎన్నాళ్ళకి?
'తొందరగానే. మనం పోయాక.'

మళ్ళీ ఎక్కాం. నేను గరిటెతో, అతను టోపీతో.
సాయంత్రానికి కొండంతా పుల్లటి వాసన,
చేతులకీ, జడకీ.

బకెట్టు కడుక్కుంటుంటే చూశాం,
అఖీం కుక్క, ముసలిది, ఒక చెవి లేనిది,
మొదటి బండ నాకుతోంది.
తర్వాత రెండోది. మూడోది.
మధ్యలో ఒక్కటీ వదలకుండా,
తొమ్మిదో దాని దగ్గర తల వంచాల్సిన పని లేకుండా,
కింది నుంచి పైకి
నాన్న వేసిన వరసలోనే.

అఖీం ఈల వేశాడు. రాలేదు.
ముప్పైమూడో దాని దగ్గర, నేల ఆగిపోయిన చోట,
కూర్చుంది.
ఇంకొకటి ఉండాలే అన్నట్టు
అవతలి గోడకేసి చూస్తూ.