నొక్కకపోతే

రాత్రి రెండూ నలభై. డాంకాస్టర్ గోదాములో
పెట్టెల వరద ఇరవై నిమిషాలు ఆగుతుంది.
క్యాంటీన్ బల్లకి మూడు కాళ్లే సరైనవి,
నాలుగోదాని కింద మడిచిన పార్సిల్ అట్ట.
దాని చుట్టూ కూర్చుని మేం
లేని మనిషి మీద పంచాయితీ పెడతాం.

వాడి పేరు బ్రెన్నాక్.
మూడు భాగాల ఆటకి ఒకే వీరుడు.
మొదటి భాగంలో ఇళ్ల కప్పుల మీద దూకుతూ
గాల్లో ఉండగానే జోకు వేసేవాడు.
పడి చచ్చి, లేచి,
మళ్లీ అదే జోకు.
మూడో భాగానికొచ్చేసరికి
పట్టుమని పది మాటలు లేవు.
నవ్వితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు మూతి బిగింపు.

"ఎదగడమంటే అదే" అంటుంది ఫొలాకే,
డబ్బాలో ఎర్రన్నాన్ని చెంచాతో గుచ్చుతూ.
"తమ్ముణ్ణి పూడ్చి వచ్చినవాడు జోకులేస్తాడా?
మా అమ్మ పోయిన ఏడాది
నేను వాతావరణం చెప్పే పిల్లని కూడా క్షమించలేదు."

"ఎదగనీ, నాకేం" అంటాడు వాల్దెక్.
"అరవై పౌన్లు పోశాను.
మొహం మాడ్చుకున్నవాడితో నలభై గంటలు గడపాలంటే
ఇంట్లో మా బావమరిది ఉన్నాడు, ఉచితంగా."

క్లైవ్ ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. యాభై ఎనిమిదేళ్లు.
వానొచ్చినా వరదొచ్చినా "ఊఁ" దాటని మనిషి,
బ్రెన్నాక్ పేరెత్తితే మాత్రం కప్పు ఠక్కున దించుతాడు.
"వాడు నీకు నచ్చాలని ఎవరన్నారు?
పెళ్లిచూపులా ఇవి?"
(అతనన్నది వేరే మాట.
నా చెవికి అలా వినబడింది.)

నాకు మొదటివాడూ ఇష్టమే, మూడోవాడూ ఇష్టమే.
ఇద్దరూ ఒకడేనంటేనే నమ్మకం కుదరదు.
రెండో భాగంలో ఏదో మెట్ల మలుపు దగ్గర
రాసినవాళ్లు మనిషిని మార్చేసి
మనకి చెప్పడం మర్చిపోయారు
అన్నాను. కానీ అసలు మాట అది కాదు.

అసలు మాట వంతెన.
ఆ చివర, మీసం కూడా సరిగ్గా రాని శత్రువు
తుపాకీ కింద పెట్టి చేతులెత్తుతాడు.
తెర మీద చదరపు గుర్తు
వెలిగి ఆరుతుంది, వెలిగి ఆరుతుంది: నొక్కు.

నేను నొక్కలేదు.
లేచి టీ పెట్టుకున్నాను.
తడి సాక్సులు రేడియేటర్ మీద ఆరేశాను.
వచ్చి చూస్తే ఇద్దరూ అలాగే.
బ్రెన్నాక్ ఊపిరి పొగలు పొగలుగా,
కుర్రాడి చేతులు ఎంతకీ నొప్పెట్టకుండా,
మధ్యలో మంచు.
ఆట ముందుకి పోదు, వెనక్కీ పోదు.
ఆఖరికి షిఫ్టుకి వేళైందని నొక్కాను.
షిఫ్టుకి వేళైందని.

ఇదంతా నోరు జారి చెప్పేశాను.
"వాడు మంచివాడా కాదా అని ఓట్లేస్తున్నాం గానీ
బొటనవేలు నాది."

వెండింగ్ మిషను గుర్రుపెట్టింది.
"నలభై నిమిషాలు" అన్నాడు క్లైవ్, కప్పులోకి చూస్తూ.
"మా ఆవిడ వచ్చి ఆట చెడిపోయిందా అని అడిగింది."
"నేను డిస్కు తీసి చెల్లెలికిచ్చేశాను" అంది ఫొలాకే.
"ఆఖర్న ఏమైందో నాకు తెలీదు."
"తెలీకుండానే ఇన్నాళ్లూ వాదించావా?"
"వాదించడానికి ఆఖరెందుకు?"

వాల్దెక్ ఒక్కడే నవ్వాడు.
"నేను వెలగ్గానే నొక్కేశాను.
ఆగొచ్చని ఎవరూ చెప్పలేదు."

గంట మోగింది. బెల్టు కదిలింది.
కుక్కల తిండి, చుట్టిన పరుపు,
కాలెండర్లు, జనవరి దాటాక ఎవరికో కాలెండర్లు.
నాలుగున్నరకి వాల్దెక్ నా వరసలోకి వచ్చి
అడగాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"నొక్కకపోతే ఏమవుతుంది?"
"ఏమీ అవదు. మంచు పడుతుంది."
"ఎంతసేపు?"

పెట్టెలు వచ్చి అతని మోకాళ్ల దగ్గర పోగవుతున్నాయి.
చేతిలో స్కానర్
వెలిగి ఆరుతోంది.