ట్రైపాడ్ కోసం వెనక్కి

వెర్లీన్ ముందు ట్రైపాడ్ నిలబెడుతుంది.
ఎర్రమట్టి ఎగుడుదిగుడు,
ఒక కాలి కింద చపటా రాయి పెడుతుంది.
పరిగెత్తి ఎక్కుతుంది.
ఆరిన్ స్టీరింగు తిప్పుతాడు.
ముప్పై నాలుగు అడుగుల ఇల్లు
అరల్లో గిన్నెలు గలగలమంటుంటే
దుమ్ము లేపుకుంటూ కొండ మలుపు దాకా పోయి
చిన్నదై, చుక్కై,
లేదు.

వీడియోలో ఇక్కడ గిటారు మోగుతుంది.

వీడియోలో లేనిది:
మలుపు అవతల బండి తిప్పే చోటు దొరక్క
ఇద్దరూ పోట్లాడుకోవడం.
"వెనక్కి, ఇంకా వెనక్కి, ఆగాగు, ముళ్ళచెట్టు!"
పావుగంటకి అదే ఇల్లు
ఏదో మరచిపోయిన చుట్టంలా
మెల్లగా తిరిగొచ్చి,
ఖాళీ రోడ్డును ఇంకా తీస్తూనే ఉన్న
ఆ మూడుకాళ్ళ దాన్ని
ఎక్కించుకుపోవడం.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
కట్టినదాన్ని గంటకి యాభై మైళ్ళ వేగంతో
తోలి చూడమని ఎవరన్నారు?
ఆరేళ్ళయింది వీళ్ళకి.
లోయ మీద సూర్యోదయం కోసం
మూడింటికి లేచి, చలిలో వేళ్ళు కొంకర్లు పోయి తీస్తే
పదకొండు వందల మంది చూశారు.
మరుగుదొడ్డి ట్యాంకు కడిగే పద్ధతి చూపిస్తే
నాలుగు లక్షల మంది.
ఆ నెల డీజిలంతా దాని పుణ్యమే.

ఆరిజోనా జనవరిలో పొద్దు తొందరగా కుంగుతుంది.
గూట్లో దీపం, నోట్లో ముద్ద.
బ్యాటరీలో మిగిలిన కాస్త కరెంటుతో
ఆరిన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
కోతలకి కూర్చుంటాడు.
గాలి హోరు కోస్తాడు. వెర్లీన్ తిట్టింది కోస్తాడు.
మాట మధ్యలో తన దగ్గు కోస్తాడు.
ఈ శీతాకాలం
ఎక్కువగా కోస్తున్నది అదే.

రెండు వేల మైళ్ళ ఉత్తరాన, డులూత్‌లో,
టోయివో అన్ని వీడియోలూ చూశాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఇనుపరాయి మోసే ఓడల మీద వంటవాడు.
పెరట్లో నీలం పట్టా కింద ఒక క్యాంపర్ ఉంది,
పట్టా మీద నడుమెత్తు మంచు.
రిటైరైన ఏడు కొన్నాడు.
దాని కర్టెన్లకి గుడ్డ ఎంచింది ఇంకేరి.
కుట్టలేదు.
గుడ్డ ఇంకా దుకాణం సంచిలోనే ఉంది.

ఇవాళ్టి వీడియోలో గిటారు లేదు.

ఇల్లు వెళ్ళింది. మలుపు తిరిగింది.
రోడ్డు మిగిలింది.
కోసే మనిషి టూసాన్ ఆస్పత్రిలో ఉన్నాడని
టోయివోకి తెలీదు,
వెర్లీన్‌కి కోత రాదని తెలీదు.
ఫోను చెడిందేమో అనుకుని తెర మీద తట్టాడు.
తెరలో ఒక కాకి దిగి,
దేన్నో పొడిచి, నచ్చక ఎగిరిపోయింది.
గాలి.
దుమ్ము అణిగింది.
రెండో నిమిషం, నాలుగు, ఏడు.
పొయ్యి మీద కెటిల్ ఈల వేసింది.
లేవలేదు.

ఓడ రేవు దాటుతున్నప్పుడు
అతను ఎప్పుడూ బంగాళాదుంపలు తొక్కతీస్తూ ఉండేవాడు.
వంతెన కింద హారన్ మోగితే
కత్తి పట్టుకున్న చెయ్యే
గుండ్రటి కిటికీలోంచి ఊపేవాడు.
గట్టు మీద ఆకుపచ్చ రుమాలు ఒకటి
చిన్నదై, చుక్కై,
అక్కడితో అయిపోయిందనుకునేవాడు.
మధ్యాహ్నానికి ఇరవై ఎనిమిది మందికి సూపు కావాలి మరి.

పదకొండో నిమిషంలో
దుమ్ము మళ్ళీ లేచింది.
ఇల్లు తిరిగొచ్చింది.
డ్రైవరు సీట్లోంచి వెర్లీన్ ఒక్కతే దిగి
కెమెరాకేసి నడిచొచ్చింది,
ఆమె బొటనవేలు తెరంతా పరుచుకుని
ఎర్రటి చీకటైంది.

కెటిల్ అడుగంటిన వాసన.
టోయివో వీడియోని వెనక్కి జరిపాడు,
ఇల్లు వచ్చే దగ్గరికి కాదు,
కాకి ఎగిరిపోయాక
ఏమీ లేని ఆ రోడ్డు దగ్గరికి.
"ఇంతసేపా," అన్నాడు
ఎదుటి కుర్చీతో,
"ఇంతసేపు నిలబడేదానివా?"