ఏమీ జరగలేదు

హిల్క మూడుచోట్ల బర్మా దింపి
మంచుగడ్డ మందం కొలిచింది.
జానన్నర.
శుభోదయం చెప్పడం ఆ తర్వాతే.

ఫిన్లాండు ఉత్తరాన, మార్చి నెల,
హీర్విలంపి సరస్సు మీద ఐదుగురం.
రంపంతో త్రిభుజం కోశాం.
గుండ్రటి కంతలో చేతికి పట్టు దొరకదు,
మూల ఉంటే మోచేతులు ఆన్చి లేవొచ్చు.

కంత చుట్టూ పొడిమంచును పారతో తీశాను,
బండిచక్రం ఆకుల్లా, దూరందూరం దాకా.
పైనుంచి చూస్తే పిచ్చిగీతలు.
కిందనుంచి చూసేవాడికి వెలుగుబాటలు,
అన్నీ ఇంటికే.

తాడు నాది.
బొడ్డుతాడు అన్నారెవరో, కవిత్వంగా.
నేనొప్పుకోను.
ఇది పసుపుపచ్చ నైలాను తాడు,
ముడి నేను వేశాను,
హిల్క విప్పి మళ్ళీ వేయించింది.

ఓస్మో కూడా దుస్తులన్నీ తొడుక్కుని
సిలిండరు వీపున మోస్తూ అంచున కూర్చున్నాడు.
అతని తాడు నా తాడుకు రెండింతలు.
ఇవాళ అతని ఉద్యోగం మునగకపోవడం.

మునిగేది దువార్తె.
వెచ్చని సముద్రాల్లో ఆరువందల మునకలు వేసినవాడు.
"పైన ఉండగా దీంట్లో ఊపిరి తియ్యకు," అంది హిల్క,
"నీ ఆవిరే గడ్డకట్టి
గాలి తలుపు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోతుంది.
మూడోవంతు గాలి పోవడానికి, మూడోవంతు రావడానికి.
మిగిలింది నీది కాదు."

ఒక లాగు: బాగున్నాను.
రెండు: తాడు వదులు.
మూడు: వస్తున్నాను.
ఆగకుండా లాగితే ఏమిటో
దువార్తె అడగలేదు, హిల్క మాత్రం చెప్పింది.

నీళ్ళు నల్లగా మూసుకున్నాయి.
నా ప్రపంచం అరచేతిలోకి కుంచించుకుంది.
అడుగుతాను, ఒక లాగు.
జవాబు, ఒక లాగు.
అడుగుతాను.
జవాబు.
అడుగుతాను.

నాలుగు, ఐదు, ఆరు...
ఓస్మో ముసుగు కళ్ళ మీదికి దించాడు.
ఎవరూ ఎవరి మొహం చూడలేదు.
తొమ్మిది.
ఒక లాగు.

మూడు లాగులతో పైకొచ్చాక చెప్పాడు,
తన బుడగలు మంచు అడుగున వెండిముద్దల్లా పొర్లుతుంటే
చూస్తూ ఉండిపోయాడట.
"అందమైనవి చూడు," అంది హిల్క,
"కానీ జవాబిచ్చి చూడు."

టీ తాగాం. పొద్దు ఇంకా ఉంది.
"మరొక్కసారి," అన్నాడు దువార్తె,
కొత్త సిలిండరు తట్టి చూపించి.
హిల్క అతనికి జవాబివ్వలేదు.
ఓస్మో వైపు తిరిగి,
"బొటనవేలు చిటికెనవేలికి ఆన్చు."

ఆనలేదు.
మళ్ళీ ప్రయత్నించాడు, నవ్వుతూ.
ఆనలేదు.

"సర్దండి."
"నేను బాగానే ఉన్నానుగా!"
"నువ్వు బాగున్నావు.
నిన్ను తేవలసినవాడు బాగాలేడు."

దువార్తె అలిగాడు. అంత పెద్దమనిషి
తన సంచీ తనే విసురుగా మోసుకెళ్ళి
మంచుబండి మీద పడేశాడు.
కాసేపటికి తిరిగొచ్చి, ఏమీ అనకుండా,
ఓస్మో చేతితొడుగు కట్లు విప్పడం మొదలెట్టాడు.

ఇంకో పని మిగిలింది.
కోసిన పలకను కంతలోకి జార్చి
చుట్టూ స్ప్రూస్ కొమ్మలు నాటాం, ఎర్రగుడ్డ కట్టి.
రాత్రికి పల్చటి పొర కడుతుంది,
దాని మీద కొత్తమంచు కురిసి అమాయకంగా పరుచుకుంటుంది.
రేపు స్కీల మీద ఇటే వచ్చే పిల్ల ఎవరో
మాకు తెలియదు.
ఆమెకు మేం తెలియనవసరం లేదు.
"ఇటు కాదు, అమ్మాయ్" అని కొమ్మ చెబితే చాలు.

హిల్క నోటుపుస్తకం తీసింది.
తారీఖు, చలి, మందం, పేర్లు.
కింద ఎప్పటి మాటే: ఏమీ జరగలేదు.
దానికోసం తొమ్మిది గంటలు పట్టింది.

పొద్దున సెవెరి చెప్పాడు,
నిద్రలో నేను దుప్పటి లాగానట, ఒక్కసారి.
"మరి నువ్వేం చేశావు?"
"నేనూ లాగాను.
అప్పుడు పడుకున్నావు."