మైనం కలిపిందెవరు

న్సుక్కా సంతలో ఎంబాఫోర్ అమ్మే నూనె
హర్మటాన్ గాలి వీచే తెల్లవారుజాముల్లో
సీసా అడుగున తెల్లగా పేరుకుంటుంది.
"కొవ్వొత్తులు కరిగించి కలిపావు" అంది ఒకామె,
నలుగురిలో.
ఎంబాఫోర్ తిట్టలేదు. సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది:
"నీ యంత్రాన్ని అడుగు.
అది ఎవరికీ చుట్టం కాదుగా."

ఉగ్బా చెట్టు సంగతి మీకు చెప్పాలి.
చిక్కుడు వంశమే, కానీ ఆ నెమ్మది లేదు.
మూరెడేసి కాయలు ఎండీ ఎండీ
ఒక మధ్యాహ్నం తుపాకుల్లా పేలతాయి.
గింజ వచ్చి రేకు కప్పు మీద దొర్లిందంటే
బళ్ళో పిల్లలకు ఇంక లెక్కలు ఎక్కవు.

రాత్రి. కరెంటు లేదు.
జనరేటర్‌లో అరడబ్బా పెట్రోలు.
వెంట్రుకంత సందున్న గొట్టపు చుట్టలోంచి
నూనెలోని ఆమ్లాలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి,
పొట్టివి ముందు.
పదహారు కార్బన్లది వచ్చింది, పలకరించింది, పోయింది.
పద్దెనిమిదివి మగపెళ్ళివారిలా గుంపుగా దిగాయి,
కాగితం నిండా వాళ్ళే.
ఆ తర్వాత గీత నేలకు దిగి పడుకుంది.

పాత నివేదికలన్నీ ఇక్కడే ఆగాయి.
మిగిలినదానికి 'గుర్తుపట్టనివి' అని రాసి
ఇళ్ళకు పోయారు.
వాళ్ళను అనడానికేముంది,
వాళ్ళ జనరేటర్లూ దగ్గుతూనే ఉండేవి.

"ఆపేద్దామా అక్కా?" తలుపు దగ్గర కెలేచి.
డబ్బా తలకిందులు చేసి
ఉన్న చుక్కలన్నీ పోయమన్నాను.

ఇరవై రెండు కార్బన్లు. చిన్న గుట్ట.
తర్వాత ఏమీ లేదు.
ఏమీ లేదు.
దోమ.
అప్పుడు, పంక్తి లేచి ఆకులు ఎత్తేశాక
దూరపు ఊరినుంచి నడిచొచ్చిన మనిషిలా
ఇరవై నాలుగు.
తాపీగా, నిటారుగా,
ఆలస్యానికి ఏ సాకూ చెప్పకుండా.

దాని పేరుకు పాత భాషలో అర్థం కట్టెమైనం.
అంత పొడుగు గొలుసులో ఎక్కడా వంకర లేదు.
చలి వేస్తే పక్కపక్కన చేరి
పుల్లల మోపులా బిగుసుకుంటుంది.
సీసా అడుగున ఉన్నది అదే.

పొద్దున్నే కాగితం పట్టుకుని సంతకు పరిగెత్తాను.
"మైనం కలిపింది చెట్టేనమ్మా!"
ఉడికిన గింజల్ని ఈనెల్లా తరుగుతూ
ఆవిడ తల ఎత్తలేదు.
"నాకు తెలుసు. దానికి చెప్పు."

ఆ ఒకామె ఆ రోజు సంతకు రాలేదు.
కాగితాన్ని రెండుగా మడిచి
ఉగ్బా పొట్లాల కింద పరిచింది ఎంబాఫోర్.
నూనె మరక మెల్లగా పాకుతూ
పద్దెనిమిది దాకా వచ్చింది.
అక్కడ ఆగలేదు.